ఎడమచేతి గాలిమర

నాలుగు గంటలకి ప్రాసిక్యూటర్ సంతకంతో కాగితం వస్తుంది. అది రాగానే గెర్లోఫ్ హాక్మా అనే డెబ్భై ఒక్కేళ్ల ముసలాయన్ని దొంగతనం నేరం మీద స్టేషన్‌కి తీసుకుపోవాలి. ఇప్పుడు ఒంటి గంటా పది నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ రెన్స్‌కె ఓస్టర్‌బాన్ సత్రం ఆఫీసు గదిలో ఆయన ఎదుట కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. ఇంకెవరో దొంగని తేల్చేసి, "ఇదిగో, తీసుకెళ్లి లోపల వెయ్యి" అంటే ఆమెకి ఒళ్లు మండుతుంది. ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో రెండు ప్రమోషన్లు పోగొట్టుకున్నది ఈ మంట వల్లనే. అయినా చల్లారలేదు.

కేసు వినడానికి చిన్నదే. హార్లెమ్ అనే డచ్ ఊళ్లోని ఆ వితంతువుల సత్రాన్ని మూడు వందల ఏళ్ల కిందట కట్టించిన బట్టల వ్యాపారి, ఇళ్లతో పాటు తన బొమ్మల పెట్టెలు కూడా సత్రానికే రాసిపోయాడు. అన్నిటిలోకీ పద్నాలుగో పెట్టె గొప్పది. యోరిస్ వెర్‌హుల్ అనే పాతకాలపు చిత్రకారుడు పొలాల వెంట, కాలవల వెంట తిరుగుతూ నల్లసుద్దతో గీసుకున్న పుస్తకం అందులో విడి కాగితాలుగా ఉంది. మొత్తం పన్నెండు బొమ్మలు. వాటిని ఫోటో తీయకూడదని వ్యాపారి వీలునామాలో షరతు పెట్టాడు. ఇన్నేళ్లకి కోర్టు ఆ షరతు ఎత్తేసింది. వచ్చే సోమవారం మొట్టమొదటిసారి ఫోటోలు తీయబోతున్నారు. దానికి ముందు ఒకసారి సరిచూసి పెట్టమని డాక్టర్ విహార్డ్ టొలనార్‌ని పిలిచారు. వెర్‌హుల్ గీత విషయంలో దేశం మొత్తానికి ఆయన మాటే వేదం. నిన్న ఆయన వచ్చి, పెట్టె తెరిచి, ఏడో కాగితం దగ్గర ఆగిపోయాడు. "ఇది వెర్‌హుల్ గీసింది కాదు. ఎవరో అసలుది తీసుకుని దీన్ని పెట్టారు" అని తేల్చేశాడు. ఆ పెట్టె తాళంచెవి నలభై రెండేళ్లుగా, బొమ్మల గది చూసుకునే ఒక్క గెర్లోఫ్ దగ్గరే ఉంది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పండి పెద్దాయనా," అంది రెన్స్‌కె. "ఈ ఏడాది పద్నాలుగో పెట్టె ఎవరెవరు తీయించి చూశారు?"

"చీటీలున్నాయి కదమ్మా. చీటీ రాయందే ఏ చదువరికీ పెట్టె ఇవ్వను. ఈ ఏడాది మొత్తానికి ఒక్కటే చీటీ. నిన్న టొలనార్ గారు రాసింది."

"అది కాక పెట్టె తెరిచిందెప్పుడు?"

"మొన్న నవంబరులో మార్టిన్ పండగ నాడు, ఏటా చేసే లెక్కకి. ధర్మకర్తలు ముగ్గురూ వరసగా కూర్చుంటారు. నేను కాగితాలు తిప్పుతుంటే వాళ్లు పైకి లెక్కపెడతారు. ఒక బొమ్మ, రెండు బొమ్మలు, అలా. పన్నెండూ వచ్చాయి. అందరం తలా ఒక గ్లాసు పుచ్చుకుని ఇళ్లకి పోయాం."

"ఏడో బొమ్మ తిప్పినప్పుడు మీకు తేడా కనపడలేదా?"

గెర్లోఫ్ నీళ్లు నమిలాడు. "పాత బొమ్మలమ్మా. వెలుతుర్ని బట్టి ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి."

నలభై రెండేళ్లు ఆ పన్నెండు కాగితాలతో కాపురం చేసిన మనిషి చెప్పాల్సిన జవాబు కాదది. రెన్స్‌కె ఆయన ముఖం వంకే చూసింది. ఆయన కూడా ఆమె వంకే చూస్తున్నాడు, కానీ చూపు ఆమె చెవి పక్కనుంచి గోడ మీదకి పోతోంది. ఆమె కోటు జేబులోంచి ఒక కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేనా టొలనార్ చీటీ? కాస్త చదివి చెప్పండి."

ఆయన దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని గడగడా అప్పజెప్పాడు. "పెట్టె పద్నాలుగు. డాక్టర్ టొలనార్. పదింటికి తీసుకుని పన్నెండున్నరకి తిరిగి ఇచ్చారు."

"నేనిచ్చింది నా కారు పార్కింగ్ రసీదు, పెద్దాయనా."

ముసలాయన రసీదుని నెమ్మదిగా మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"రెండేళ్లయిందమ్మా," అన్నాడు చివరికి. "మధ్యలో అంతా బూడిద రంగు. పక్కన అంచులు మాత్రం కాస్త కనపడతాయి. డాక్టరు ఇక బాగుపడదన్నాడు. ఈ మాట పైకి చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే దాంతో ఇచ్చిన ఇల్లు పోతుంది. ఈ వయసులో ఎక్కడికి పోను? మీకు దణ్ణం పెడతాను, ధర్మకర్తలకి మాత్రం చెప్పకండి."

తన మీద దొంగతనం నేరం పడుతుంటే, ఈయన చూపు పోయిన సంగతి దాచుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఈ మనిషిని నాలుగింటికి కారెక్కించేది లేదని రెన్స్‌కె ఆ క్షణాన గట్టిగా అనుకుంది.

"మరి కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ఎలా చూసుకుంటున్నారు?"

"వేళ్లతో. అంచులు తడిమి లెక్కపెడతాను. లెక్క అయ్యాక నా సొంత పుస్తకంలో లావు పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుకుంటాను. ఏళ్లుగా ఒకటే రాత. పన్నెండూ, ఒకటీ."

"ఆ ఒకటేమిటి?"

తలుపు తెరుచుకుంది. ధర్మకర్తల పెద్ద రైనౌట్ క్విస్పెల్ కాఫీ పళ్లెం స్వయంగా పట్టుకుని వచ్చాడు. అరవై దాటిన పొడగరి, మెడలో నీలం మఫ్లర్, మాట తేనె. కప్పులు పెట్టి, డబ్బా తెరిచి తలా ఒక బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూత మళ్లీ భద్రంగా బిగించాడు.

"కానివ్వండి, కానివ్వండి. నేను లేననుకోండి," అన్నాడు గోడకి ఆనుకుని నిలబడి.

రెన్స్‌కె లేడనే అనుకుంది. ఆ తర్వాత చాలా కాలం తనని తాను తిట్టుకున్నది దీనికే.

"చెప్పండి, ఆ ఒకటేమిటి?"

"పుస్తకం చివర ఒక ఖాళీ కాగితం ఉండేదమ్మా. వెర్‌హుల్ దాని మీద ఏమీ గీయలేదు. బొమ్మ లేదు కాబట్టి లెక్కలో చేర్చరు. తాతల నాటి నుంచీ బొమ్మలే లెక్క. నేను మాత్రం దాన్నీ తడిమి చూసుకునేవాణ్ణి. పోయిన ఏడాది ఉంది. ఈసారి నా వేలికి పన్నెండే తగిలాయి, పుస్తకంలోనూ పన్నెండనే రాశాను. ఖాళీది లేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

ఆయన క్విస్పెల్ నిలబడ్డ వైపు భయంగా తల తిప్పి, "ఖాళీ కాగితం గొడవ ఎవరికి పడుతుందిలే అనుకున్నాను," అని గొణిగాడు.

"ఆ పుస్తకం ఎక్కడుంది?"

"ఇంట్లో. మంచం పక్క సొరుగులో."

"అది నాకు కావాలి. ఇవాళే."

క్విస్పెల్ గడియారం చూసుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక మనవి. గెర్లోఫ్ గుండె జబ్బు మనిషి. పొద్దున్నుంచీ మాత్ర వేసుకోలేదు. ఇంటికి తీసుకెళ్లి, మాత్ర వేయించి, ఆ పుస్తకం పట్టుకుని నాలుగింటికల్లా నేనే తెచ్చి అప్పగిస్తాను. కారులో పది నిమిషాలు. ఎంతైనా మా మనిషి కదా."

ముసలాయన ముఖం నిజంగానే పాలిపోయి ఉంది. అరెస్టు కాగితం ఇంకా రాలేదు కాబట్టి ఆపే హక్కు ఆమెకి లేదు. రెన్స్‌కె సరేనంది. వాళ్లిద్దరూ గేటు దాటేసరికి ఒంటి గంటా యాభై.

*

బొమ్మల గదిలో ఉత్తరం వైపు కిటికీ ఒక్కటే. దీపాలు లేవు. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద పద్నాలుగో పెట్టె, పెట్టె పక్కన డాక్టర్ టొలనార్. పెట్టెతో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు కాబట్టి ఆయన ఉండక తప్పదు, రెన్స్‌కె భరించక తప్పదు.

"మీరు దొంగని పట్టుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ, బొమ్మ నాకు వదిలేయండి," అన్నాడు ఆమె భూతద్దం తీయగానే.

"దొంగ బొమ్మలోనే ఉన్నాడని చెప్పింది మీరేగా. అక్కడే వెతుకుతున్నాను."

"దొంగ ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. పన్నెండేళ్ల కిందట నేను ఈ పెట్టె చూద్దామని వస్తే ఆ ముసలాడు గుమ్మంలోంచే పంపేశాడు. ఎందుకో తెలుసా? జేబులో సిరాకలం ఉందట, సిరా బొమ్మల మీద పడుతుందట! అంత కాపలా ఎందుకు కాశాడో ఇప్పుడు అర్థమైంది."

"పన్నెండేళ్లుగా ఆ కలం మీకు గుచ్చుకుంటూనే ఉందన్నమాట."

టొలనార్ ముఖం ఎర్రబడింది. "నేను చెప్పింది కక్షతో కాదు, కళ్లతో చూసి. ఇటు రండి, మీకూ చూపిస్తాను." ఆయన తెల్లని చేతితొడుగులతో కాగితాలు వరసగా పరిచాడు. "కుడిచేతివాడు నీడగీతలు వేస్తే అవి పైన కుడివైపు నుంచి కింద ఎడమవైపుకి జారతాయి. చేయి మెలిక తిరిగేదే అలా. పదకొండు కాగితాల్లోనూ అలాగే ఉన్నాయి. ఏడోది చూడండి. ప్రతి గీతా ఎదురు. ఇది ఎడమచేతి గీత. వెర్‌హుల్ శిష్యుల్లో ఎడమచేతివాడు ఒక్కడే, లాంబర్ట్ టాక్. కాబట్టి ఇది టాక్ గీసింది. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు."

రెన్స్‌కె ఏడో కాగితం మీదకి వంగింది. కుడివైపు ఒక గాలిమర, దాని కింద కాలవ, ఎడమవైపు పడవ, దూరంగా చెట్లు. గీతల సంగతి ఆమెకి పెద్దగా తెలియదు. కానీ ఏదో కంట్లో నలుసులా అడ్డుపడుతోంది. భూతద్దం గాలిమర రెక్కల మీదకి తెచ్చి నిమిషం సేపు కదలకుండా చూసింది.

"డాక్టర్ గారూ, మీరెప్పుడైనా గాలిమర నడిపారా?"

"ఏం ప్రశ్న అది? నేను పండితుణ్ణి."

"మా నాన్న గాలిమర కాపరి. ఎనిమిదేళ్లకే నాతో రెక్కలకి గుడ్డ కట్టించాడు. తప్పు వైపు కడితే వీపు మీద ఒక్కటిచ్చేవాడు. అందుకని ఇప్పటికీ మరిచిపోలేదు." ఆమె వేలు కాగితానికి తగలకుండా గాల్లో చూపించింది. "ఎదురుగా నిలబడి చూస్తే మన దేశంలో ఏ గాలిమర అయినా గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. రెక్కలో ముందుకి పోయే వైపు సన్నటి పలకలు, వెనక వైపు గుడ్డ కట్టే వెడల్పాటి చట్రం. అంటే పైకి నిలబడ్డ రెక్కకి పలకలు ఎడమన, చట్రం కుడిన ఉండాలి. ఇక్కడ చట్రం ఎడమన ఉంది. నాలుగు రెక్కలూ అంతే. ఈ మర తిరిగితే గడియారం ముల్లులా, తప్పు వైపు తిరుగుతుంది."

"వెనక నుంచి చూసి గీశాడేమో," అన్నాడు టొలనార్ తేలిగ్గా.

"వెనక నుంచి అయితే మర ఒళ్లు రెక్కలకి అడ్డం రావాలి. ఇక్కడ రెక్కే మరకి అడ్డం వచ్చింది. కింది రెక్క తలుపుని సగం కప్పేసింది చూడండి."

"శిష్యుడు కదా. పొరపాటు పడ్డాడు."

"పడవ తాళ్ల ముడులు కూడా వదలకుండా గీసినవాడు రెక్కలు తప్పు గీస్తాడా? అవి రోజూ కళ్లముందు తిరిగే రోజుల్లో?" రెన్స్‌కె నిటారుగా నిలబడింది. "ఎడమచేతివాడు ఎడమచేత్తో గీస్తాడు, ఒప్పుకుంటాను. వాడు గీస్తున్నాడు కదా అని గాలిమర కూడా అటు తిరుగుతుందా డాక్టర్ గారూ?"

టొలనార్ ఒక్కసారిగా కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి కిటికీ వెలుగుకి పట్టుకున్నాడు. తర్వాత పక్కకి వంచి చూశాడు. ఆయన పెదవులు ఏదో లెక్క కడుతున్నట్టు కదిలాయి.

"అద్దకం," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

"వివరంగా చెప్పండి. నేను పండితురాల్ని కాదు."

"ఖాళీ కాగితాన్ని తడిపి, సుద్ద బొమ్మ మీద పరిచి, బరువుతో నొక్కితే సుద్దపొడి కొంత దీనికి అంటుకుంటుంది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి దిగుతుంది. పూర్వం చిత్రకారులే అలా చేసుకునేవారు. సుద్ద కాగితంలోకి అణిగి చదునుగా ఉంటుంది, కాస్త పాలిపోయి ఉంటుంది." ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. "దీనిలాగే."

"అయితే ఈ కాగితం మీదున్న సుద్ద ఎవరిది?"

"వెర్‌హుల్‌ది."

"గీత ఎవరిది?"

"వెర్‌హుల్‌దే. తిరగబడ్డ గీత."

"మరి పాపం ఆ లాంబర్ట్ టాక్?"

"సరే, పప్పులో కాలేశాను! ఇక చాలిస్తారా?" టొలనార్ కాగితం బల్ల మీద పెట్టాడు. "అయినా దీని వల్ల ఆ ముసలాడు నిర్దోషి అయిపోడు. ఈ అద్దకం మూడు వందల ఏళ్ల కిందట వెర్‌హుల్ తనే తీసిందై ఉండొచ్చు. గెర్లోఫ్ దాన్ని ఎక్కడో సంపాదించి అసలు దాని బదులు పెట్టి ఉండొచ్చు."

"ఈ కాగితం ఏ పుస్తకంలోది?"

ఆయన మళ్లీ వెలుగుకి పట్టి, పక్క కాగితంతో పోల్చాడు. లోపలి గీతలు, నీటిగుర్తు, అంచున కుట్టు రంధ్రాలు మూడూ ఒక్కలాగే ఉన్నాయి. "ఇదే పుస్తకంలోది," అని ఒప్పుకున్నాడు.

"పోయిన ఏడాది మార్టిన్ పండగ దాకా ఈ పుస్తకంలో ఒక ఖాళీ కాగితం ఉంది. ఈ ఏడాది లేదు. బొమ్మ లేని కాగితాన్ని ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరు. దొంగ అసలు బొమ్మ పట్టుకుపోయాడు, ఖాళీ కాగితాన్ని బొమ్మగా మార్చి దాని చోట పెట్టాడు. ధర్మకర్తలు పన్నెండు లెక్కపెట్టి గ్లాసులు ఎత్తారు. మీ అద్దకం వయసు మూడు వందల ఏళ్లు కాదు డాక్టర్ గారూ, ఏడాది లోపే. ఎండాక కాగితం ఎలా అలలు తేలిందో చూడండి. మిగతావి ఇంత చదునుగా ఉంటే ఇదొక్కటే ఎందుకు ముడుచుకుంది?"

ఆమె మళ్లీ భూతద్దం అందుకుంది. కాగితాన్ని అంగుళం అంగుళం వెతుకుతూ పోయింది. కింద ఎడమ మూలకి వచ్చాక ఆగింది. అక్కడ రెండంగుళాల మేర కాగితం గరుగ్గా, పోగులు లేచి ఉంది. పోగుల మధ్య ఆవగింజలో సగం ఉన్న తెల్లటి నలుసు చిక్కుకుంది. చిన్న పట్టకారుతో దాన్ని తీసి గాజు పలక మీద పెట్టింది.

"ఇదేమిటంటారు?"

టొలనార్ వంగి చూశాడు. "రొట్టె. సుద్ద చెరపడానికి పూర్వం రొట్టె మెత్తన నలిపి వాడేవారు. రబ్బరు కంటే నయం. తెలిసినవాళ్లు ఇప్పటికీ వాడతారు."

"ఇక్కడ ఏం చెరిపారు? బొమ్మ తిరగబడితే అందరికంటే ముందు పట్టిచ్చేది ఏది?"

"రాత," అన్నాడు ఆయన వెంటనే. పందెంలో ఉన్న మనిషి గొంతు అది. పోట్లాట మరిచిపోయాడు. "వెర్‌హుల్ ప్రతి బొమ్మకీ కింద కుడి మూలన రంగులు రాసుకునేవాడు, ఇంటికెళ్లాక గుర్తుండటానికి. ఈ పదకొండింట్లోనూ ఉంది. అద్దకంలో ఆ రాత ఎడమ మూలకి వస్తుంది, తిరగబడి. అందుకని చెరిపేశారు. అంటే అసలు బొమ్మలో గాలిమర ఎడమవైపు, పడవ కుడివైపు, కుడి మూలన ఇసుక పసుపు, నీళ్లు బూడిద అని..."

ఆయన ఆగిపోయాడు.

రెన్స్‌కె భూతద్దం మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఇసుక పసుపు, నీళ్లు బూడిద. రాత చెరిగిపోయింది కదా డాక్టర్ గారూ. నిన్నటిదాకా మీరు ఈ పెట్టె తెరిచి చూడనే లేదు. ఈ మాటలు మీకెలా తెలుసు?"

టొలనార్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకోబోతే అది చేతిలోంచి జారి ఒళ్లో పడింది.

"చెప్పండి. మూడూ నలభై అయింది. నాలుగింటికి ఒక ముసలాయన జీవితం బుగ్గి అవుతుంది."

"పదిరోజుల కిందట ఒకాయన ఒక బొమ్మ తెచ్చి చూపించారు. వాళ్ల పెద్దమ్మ ఇంటి అటక మీద దొరికిందన్నారు. గాలిమర, కాలవ, పడవ. సుద్ద బాగా వెలిసిపోయి ఉంది. ఎండ తగిలిందనుకున్నాను. అద్దకం తీస్తే అసలు బొమ్మలో సగం సుద్ద పోతుందని నాకు తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. గీత చూస్తే వెర్‌హుల్‌దే, అనుమానం లేదు. అసలుదే అని సంతకం పెట్టి ఇచ్చాను. వేలం అయ్యేదాకా ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"నిన్న ఈ ఏడో కాగితం చూసినప్పుడైనా రెండూ ఒకటేనని తోచలేదా?"

"తోచింది!" టొలనార్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. "గురువు బొమ్మని శిష్యుడు తిరగేసి నకలు గీశాడని తోచింది. ఇంత గొప్ప సంగతి ఎవరికీ దొరకలేదని ఉబ్బిపోయాను. పుస్తకానికి పేరు కూడా పెట్టుకున్నాను. ఆ ముసలాడి మీద కోపం కళ్లకి అడ్డం పడింది. నేను ఏం చూడాలని ఆయన అనుకున్నారో సరిగ్గా అదే చూశాను."

"మిమ్మల్ని ఈ పెట్టె చూడమని పిలిచిందెవరు?"

"ఆయనే. సంతకం పెట్టిన మర్నాడు ఫోన్ చేసి, ఇన్నేళ్లు మూసిన తలుపు మీ కోసం తెరుస్తున్నాను అన్నారు. కృతజ్ఞత అనుకున్నాను." ఆయన తల ఎత్తాడు. "రైనౌట్ క్విస్పెల్."

రెన్స్‌కెకి లెక్క కుదిరింది. చీటీలు చదువరులకే. ఇంటి యజమానిని చీటీ అడిగేదెవరు? ఆయన ఎప్పుడడిగినా గెర్లోఫ్ పెట్టె తీసి ఇచ్చి ఉంటాడు. దాన్ని పెట్టె చూడటం అని కూడా అనుకుని ఉండడు. ఫోటోలు తీస్తే తిరగబడ్డ మర బయటపడుతుంది. అందుకని ముందే దొంగని తయారుచేసి పెట్టాడు. ఆ ఖాళీ కాగితం సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఎవరో, సాక్ష్యం రాసిన పుస్తకం ఏ సొరుగులో ఉందో మధ్యాహ్నం తనే, అతని ఎదురుగానే, అడిగి మరీ చెప్పించింది. పైగా ఆ మనిషిని అతని కారులోనే ఎక్కించి పంపింది.

ఫోన్ తీసి గెర్లోఫ్ ఇంటి నంబరు నొక్కింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు.

"హాక్మా," అంది ఒక ముద్దగొంతు.

"గెర్లోఫ్ గారూ, నేను రెన్స్‌కెని. క్విస్పెల్ మీ పక్కనే ఉన్నాడా?"

"లేరమ్మా. మీ దగ్గరికే బయల్దేరారు. ఒప్పుకోలు కాగితం తీసుకుని."

"ఏం ఒప్పుకోలు?"

"బొమ్మ నేనే తీశాను, భయపడి పొయ్యిలో వేశాను అని. ఆయనే రాశారు. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పట్టుకుని చూపించారు. ఒప్పుకుంటే జైలు తప్పిస్తానన్నారు. ఇల్లు కూడా నాకే ఉంటుందట. నేను తీయలేదమ్మా. కానీ ఇంకెక్కడికి పోను?" మాటల మధ్య సందు పెరుగుతోంది. "నా కళ్ల సంగతి ఆయనకి ఎప్పట్నుంచో తెలుసట. పాపం, ఎవరికీ చెప్పలేదు."

"మీ పుస్తకం?"

"అదీ తీసుకెళ్లారు. మీకిస్తారుగా."

రెన్స్‌కె ఫోన్ చెవికి ఆనించుకునే తలుపు వైపు నడిచింది. "గెర్లోఫ్ గారూ, నిద్రపోకండి. నాతో మాట్లాడుతూ ఉండండి. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా. సీసా నాకు కనపడదు కదా. ఆయనే తీసి చేతిలో పోశారు. నీళ్లు కూడా ఆయనే ఇచ్చారు. చాలా చేదుగా ఉన్నాయి."

"పోశారా? ఎన్ని?"

చాలాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"లెక్కపెట్టలేదమ్మా," అన్నాడు గెర్లోఫ్. ఆ తర్వాత ఫోన్ నేల మీద పడ్డ చప్పుడైంది.

"అంబులెన్స్!" రెన్స్‌కె టొలనార్ మీద అరిచింది. "గెర్లోఫ్ ఇంటికి! గుండె మాత్రలు ఎక్కువ మింగించారని చెప్పండి. కదలండి!" ఆయన అప్పటికే ఫోన్ తీస్తున్నాడు. కళ్లజోడు లేకుండా, తడుముకుంటూ, కానీ తీస్తున్నాడు.

ఆమె తలుపు లాగింది. గుమ్మంలో క్విస్పెల్ నిలబడి ఉన్నాడు. మఫ్లర్ సవరించుకుని, మడత పెట్టిన కాగితం ముందుకి చాచాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, అనుకున్న దానికంటే పావుగంట ముందే తెచ్చాను. పాపం గెర్లోఫ్ అంతా రాసిచ్చేశాడు. బాగా అలిసిపోయాడు, కాసేపు పడుకోమని చెప్పి వచ్చాను."

రెన్స్‌కె కాగితం అందుకోలేదు. అతని మఫ్లర్ రెండు అంచులూ గుప్పిట బిగించి గోడకి అదిమింది.

"బొమ్మ సంగతి తర్వాత మాట్లాడదాం," అంది. "డాక్టర్లకి చెప్పాలి. ఆయన చేతిలో ఎన్ని పోశావు? అంకె చెప్పు."